బావ అమ్మనన్న కారు

“తమ్మీ, మీ బావ లేస్తలేడురా, జల్ది రా” అని అక్క ఫోన్ చేసేసరికి నేను పళ్లు తోముకుంటున్నాను. వెళ్లి చూస్తే చేతులు చల్లబడి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం నాతో కలిసి చాయ తాగిన మనిషి.

పెద్దపల్లి రోడ్డు మీద పాత బండ్ల షెడ్డు నడిపిన మా బావ మీలో కొందరికి తెలిసే ఉంటాడు. పని దొరకక తిరుగుతున్న నాకు ఆ షెడ్డులో ఒక మూల ఇచ్చి, మిషన్ పెట్టించి, బండ్ల సీట్లకు కవర్లు కుట్టుకొమ్మన్నది ఆయనే. నాకు మాటలు తక్కువ. “బామ్మర్దీ, నీ నోటికి గూడ కవరు కుట్టుకున్నవా?” అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆయనకు అది చాలు.

బండిలో ఎవరైనా ప్రాణం పోగొట్టుకుని ఉంటే, బయానా ముట్టుకోకముందే కొనేవాణ్ణి కూర్చోబెట్టి, చాయ తెప్పించి, ఆ సంగతి చెప్పేవాడు. “చెప్పకున్నా నడుస్తది గద సేటూ” అని అమ్మేవాళ్లు సణిగేవారు. “బండి కొనేటోడు దాంట్ల కూసున్నోళ్ల కథ గూడ కొంటడు” అనేవాడు. సగం బేరాలు చాయ దగ్గరే చెడిపోయేవి. మంచి పేరు మాత్రం కాగజ్‌నగర్ దాకా పోయింది.

చలికాలంలో ఒక గ్రానైట్ వ్యాపారి మనుషులు ఆ కారు తెచ్చి, అమ్మిపెట్టమని షెడ్డు ముందు వదిలారు. విదేశీ కారు. రెండే తలుపులు, నేలకు ఆనినట్టుంటుంది, ముదురు నీలం, లోపలంతా మెత్తటి తోలు. ఎంత దూరమైనా ఒక్క పరుగున పోవడానికి చేసిందట. అందులో వ్యాపారి తమ్ముడు పోయాడు. బాగు చేయించి అమ్మితే, కొన్నవాడూ అందులోనే పోయాడు; వాళ్లింటివాళ్లు బండిని తిరిగి వ్యాపారికే అప్పజెప్పారు. బావ దాన్ని ఒకసారి బైపాస్ మీద నడిపి, చెమటతో తిరిగొచ్చాడు. “జోరు మీద ఎడమకు గుంజుతున్నది. చేతులల్ల నిలుస్తలేదు” అన్నాడు. కుక్కలు అన్ని బండ్ల కిందా పడుకునేవి, దాని కింద తప్ప. “గంత కిందికుంటె కుక్క ఎట్ల దూరుతదిరా” అని ఆయనే నవ్వాడు. కానీ ఆ కారుకు వీపు తిప్పి కూర్చోవడం మానేశాడు.

ఉగాదికి బావ అల్లుడు వచ్చాడు. రోడ్డు పక్క భూమి అమ్మి ఊపు మీదున్నాడు. కారు చుట్టూ తిరిగి, “మామా, గిది నాకే” అన్నాడు.

బావ నోరు తెరిచి, మూశాడు. పండుగ పూట, అల్లుడు మోజుపడ్డ బండి ముందు చావు మాట ఎత్తితే శాపం పెట్టినట్టే. “గది అమ్మేది కాదు అల్లుడా” అన్నాడు, అంతే.

“నోటెంట రాలేరా. పండుగ పోనీ, నిదానంగ చెప్త” అన్నాడు నాతో. అంతలో ఆయన బిడ్డ కడుపుతో ఉందని తెలిసింది. ఇక ఆ మాట అసలే రాలేదు.

బావ దినాలైన సాయంత్రం అల్లుడు షెడ్డుకు వచ్చాడు. కారు కోసం వ్యాపారితో సీదా మాట్లాడుకున్నాడట. నేను సూది పక్కన పెట్టి లేచాను. ఇద్దరు పోయిన సంగతి, ఎడమకు గుంజే సంగతి, అంతా చెప్పాను. అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ మాట్లాడి ఉండను.

అతను ఓపికగానే విన్నాడు.

“చిన్నమామా, మా మామ ఎసుంటోడు? పరాయోళ్లకు గూడ చెప్పేటోడా, కాదా?”

“చెప్పేటోడు.”

“మరి నిజమైతె నాకు చెప్పకుండ ఉంటుండెనా?”

“నువ్వు పరాయోనివి కాదనే చెప్పలే బిడ్డా.”

నవ్వి నా భుజం తట్టాడు. “ఫికర్ జెయ్యకు. మెకానిక్‌కు చూపించిన, బాగుందన్నడు.”

మా బావ నిజాయితీ మీద అంత నమ్మకమున్నవాణ్ణి ఎట్లా ఆపాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున ముసురు పట్టింది. నేను చేరేసరికి కారు లేదు. తన బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని అల్లుడు అప్పుడే ఉట్నూర్ వైపు బయలుదేరాడని అక్క ఫోన్‌లో చెప్పింది. బిడ్డకు ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. షెడ్డు ముందు నేలంతా తడిసింది, కారు నిలిచినంత మేర తప్ప. ఆ పొడి నేల మీద చినుకులు ఒక్కొక్కటే నల్లగా పడుతున్నాయి.