మాగ్నెటోలో తడి: ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు

యాభైల దశకం చివర్లో, ఎమ్మిగనూరు బాలికల పాఠశాలలో సైన్సు టీచరుగా చేరడానికి ఆదోని నుంచి ఒంటరిగా మోటారు సైకిలు మీద బయలుదేరాను. ఆ సాయంత్రం బడి మూసేలోగా చేరకపోతే ఉద్యోగం మరొకరికి వెళ్లిపోతుంది. చిన్నాన్న బస్సులో వెంట వస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. అనంతపురంలో డిగ్రీ పూర్తిచేశాను. మిలిటరీ వేలంలో నాన్న కొన్న ఆ పాత బండిని విప్పి బిగించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెట్రోలుకు బస్సు టికెట్టు కంటే ఎక్కువే అయినా, నా ఉద్యోగానికి నేనే వెళ్లాలనుకున్నాను.

మధ్యాహ్నం భోజనం ముగించి, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులు దాటి ఎమ్మిగనూరు రోడ్డు ఎక్కాను. రాత్రి కురిసిన ముసురుకు నల్లరేగడి జారుతోంది. సగం దారిలో ఒక వంక దాటుతుంటే చక్రం చిమ్మిన నీళ్లు ఇంజనును ముంచెత్తాయి. ఒడ్డెక్కగానే బండి ఆగిపోయింది.

ఎదురుగా ఆదోని మార్కెట్టుకు పత్తి తోలుకొస్తున్న ఎద్దుల బండి నిలిచింది. తోలేది హుసేనప్ప అనే పెద్దమనిషి. ఎద్దులను నీళ్లకు వదిలి దగ్గరికొచ్చాడు.

"ఏమ్మా, మొండికేసినాదా? తోక మెలేస్తే లేస్తాదేమో సూడు!"

"దీనికి తోక లేదన్నా. తడి చేరినట్టుంది."

కిక్కులు కొడుతూ కూర్చోలేదు. ముందు కార్బురేటర్ చూశాను, పెట్రోలు వస్తోంది. ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టాను. రవ్వ లేదు. ప్లగ్గుకు కరెంటు పుట్టించే మాగ్నెటో మూత తీస్తే లోపల నీటి చెమ్మ మెరుస్తోంది. మూతను ఎండలో పెట్టి, అవతలి పక్కకు వెళ్లి ప్లగ్గు వైరు తుడిచాను. మూత బిగించి మళ్లీ కొట్టినా రవ్వ రాలేదు.

అనుమానంతో మూత తీసి వంగి చూశాను. కాంటాక్టు పాయింట్ల నడుమ తెల్లటి నూగు!

"ఈ దూది ఎవరు పెట్టినారన్నా?"

"నేనేమ్మా. మా పత్తి, సెవిలో నీళ్లు పోయినా లాగేస్తాది."

"నీళ్లు లాగింది, నూగు వదిలింది. ఈ పాయింట్లు రెండూ ఆనుకోకపోతే కరెంటు యాడ పోతాది? నీ పైపంచ ఇట్లియ్యి."

"నా పంచనా? ఎమ్మిగనూర్లో నేయించింది! మసి పూస్తే నా పెండ్లాము ఇంట్లోకి రానీదు."

"ఎన్నో ఏండ్లు ఉతికి ఉతికి అరిగిన పంచ, దీనికి నూగు రాలదు. అందుకే అడుగుతాండాను."

గొణుక్కుంటూనే ఇచ్చాడు. దాని కొనను పాయింట్ల మధ్య దూర్చి మెల్లగా లాగాను. నూగంతా వచ్చింది. ఈసారి ప్లగ్గు కొనన నీలిరవ్వ చిటపటమంది. ప్లగ్గు బిగించి కిక్కు కొట్టగానే ఇంజను గర్జించింది.

"ఎద్దులు బెదురుతాండాయి, పోమ్మా తల్లీ, పో!" అని నవ్వుతూ అరిచాడు హుసేనప్ప.

చివరి గంట మోగకముందే బడి చేరాను. "తోడెవరొచ్చినారమ్మా?" అని హెడ్‌మాస్టరు నా వెనక్కి చూశారు. "ఎవరూ రాలేదండీ," అని మసి చేతులతోనే సంతకం పెట్టాను.

పదవీ విరమణ వరకు ఎందరో ఆడపిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పాను. ఆ వంక ఒడ్డున నేను సంపాదించుకున్న గౌరవం ముందు ఆ తరువాత అందిన సన్మానాలన్నీ చిన్నవే. ఇప్పుడు ఆ దారిలో బస్సులకు కొదవ లేదు. అయినా పాత బండి మీదే వెళ్లాలనుకునేవారికి ఒక మాట: తడిసిన బండి కదలకపోతే ముందు కిక్కు కొట్టే కాలు ఆపండి, తరువాత పెట్రోలు, రవ్వ, పాయింట్లు ఆ వరసలోనే చూడండి. సాయం చేసేవారిని మాత్రం మాగ్నెటోకు దూరంగా కూర్చోబెట్టండి.