గోళీ ఆపేస్తారేమోనని

జన్యుపరీక్ష రిపోర్టు వచ్చిన రోజు మా ఇంట్లో అందరం సంతోషించాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మా ఆయనకు మూత్రాశయంలో క్యాన్సర్. ఆపరేషన్ అయింది, సెలైన్‌లో ఎక్కించే మందులూ అయ్యాయి, అయినా అది పొత్తికడుపులోని గ్రంథులకు పాకింది. ఇక మిగిలింది రోజూ మింగే ఒక గోళీ. క్యాన్సర్ గడ్డలో ఫలానా జన్యువు చెడి ఉంటేనే అది పనిచేస్తుందట, చెడకపోతే ఇచ్చినా దండగేనట. చెడి ఉందని రిపోర్టు వచ్చింది. ఒంట్లో ఒకటి చెడిందని తెలిసి దేవుడికి దండం పెట్టుకున్నది బహుశా మేమొక్కళ్లమే.

నేను ఆర్మూరులో బడిపంతులమ్మను. ఆయనది పసుపు వ్యవసాయం, అంకాపూర్ దారిలో పొలం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని చుట్టాలంతా అంటారు. ఆయన ఏదీ నోరు విప్పి చెప్పడని, ఆ కోపంలో సగం అందుకేనని మాత్రం ఎవరూ అనరు. కడుపు నొప్పైనా, అప్పట్లో మూత్రంలో రక్తం పడుతున్నా, అడిగితే ఒకటే జవాబు: "ఏం లేదు."

హైదరాబాదులో చూసే డాక్టరమ్మ వయసులో మాకంటే చాలా చిన్నది. మందు రాసే ముందు మమ్మల్నిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఈ గోళీ క్యాన్సర్ మీద పనిచేస్తది. కానీ ఒంట్లో వేరే చోట్ల కూడా చెయ్యి పెడ్తది. రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతది. నోరు పూస్తది, గోర్లు లేస్తయి. నాకు అన్నిటికన్నా కండ్ల ఫికర్ ఎక్కువ. కంటి లోపలి పొర కింద నీరు చేరొచ్చు. చూపుల జర తేడా వచ్చినా అదే రోజు నాకు ఫోన్ చెయ్యాలె."

"చేస్తే ఏం చేస్తరు మేడం?" అని అడిగాడాయన.

"గోళీ ఆపుతం. కన్ను కుదుటపడినంక మళ్ల చూద్దాం."

ఆమె అంతసేపు చెప్పినదాంట్లో "ఆపుతం" అన్న ఒక్క మాటే ఆయన చెవిలో పడిందని నాకు చాలా తర్వాత తెలిసింది.

ఆమె ఆయన చేతులు పట్టుకుని గోళ్లు చూసింది. చూసి ఉలిక్కిపడింది. "మందు మొదలుపెట్టకముందే ఇంత పచ్చగున్నయేంది?"

"గది పసుపు మేడం. మా దిక్కు అందరియి గట్లనే ఉంటయి," అన్నాడు. ఆమె నవ్వింది, మేమూ నవ్వాం. నర్సు చేత ఆ గోళ్లను ఫోటో తీయించి పెట్టుకుంది, తర్వాత పోల్చి చూడటానికి.

ఇంటికి వచ్చేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. చిన్న చిన్న గళ్లు, నడుమ ఒక చుక్క. రోజూ పొద్దున ఒక కన్ను మూసుకుని రెండో కంటితో చుక్కను చూడాలి. గళ్ల గీతలు తిన్నగా కనిపిస్తే ఫరవాలేదు, వంకరపోయినా మసకబారినా ఫోన్ చేయాలి. దాన్ని వంటింటి తలుపు పక్కన అంటించాను. ఆయన పళ్లు తోముకుని వచ్చి దాని ముందు నిలబడేవాడు. "సీదగనే ఉన్నయి," అనేవాడు. నేను అన్నం గిన్నె దించుతూ "సరే" అనేదాన్ని.

మొదటి నెలంతా నా ప్రాణం ఫాస్ఫరస్ మీదే ఉంది. నిజామాబాదులో పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాక రిపోర్టు కోసం ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునేదాన్ని. అందులో ఒక వింత ఉంది. ఫాస్ఫరస్ కొంచెం పెరగాలట, పెరిగితే మందు ఒంటికి పడుతున్నట్టు లెక్క. మరీ పెరిగితే ప్రమాదమట. పెరగకపోతే గోళీ డోసు పెంచుతారట. అది ఎక్కినా భయమే, ఎక్కకపోయినా భయమే. అది మరీ ఎక్కకుండా పాలు, పెరుగు, పప్పు, కోడికూర అన్నీ తగ్గించాలన్నారు. ఆ సంగతి తెలియక మా ఆడబిడ్డ చూడటానికి వస్తూ అంకాపూర్ నాటుకోడి కూర డబ్బా నిండా పట్టుకొచ్చింది. అది చాలదన్నట్టు చెంబెడు పసుపు పాలు కాచింది.

"క్యాన్సర్‌కు పసుపును మించిన దవా లేదంటరు వదినే. లోకమంతా మన పసుపే కొనుక్కపోతున్నది, మనోనికి పనిచెయ్యదా?"

"కూరల ఏసింది చాలు. పాలు వద్దన్నరు, చెంచాలకు చెంచాలు పసుపు సుత వద్దన్నరు," అన్నాను.

"ఆర్మూరోనికి పసుపు వద్దన్న డాక్టరు ఏం డాక్టరు!" అని ఆమె రుసరుసలాడుతూ ఆ కూరను తనే తిని వెళ్లింది. ఆయన పక్క గదిలోంచి ఆ వాసనకు లొట్టలు వేస్తూ కూర్చున్నాడు. నాకు జాలేసింది, కానీ పెట్టలేదు.

ఫాస్ఫరస్ డాక్టరమ్మ కోరుకున్నంతే పెరిగింది. తర్వాతి స్కానింగ్‌లో గ్రంథులు సగానికి సగం తగ్గాయి. ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపిస్తుంటే నాకు ఏమీ అర్థం కాలేదు, కానీ ఆమె గొంతులో సంతోషం అర్థమైంది. ఇంటి ముందు కారు దిగాక ఆయన, "గీ గోళీ దొరకడం నా నసీబు," అన్నాడు.

అంతలో పసుపు పని మీద పడింది. తవ్వడం, ఉడకబెట్టడం, కల్లంలో ఆరబోయడం, ఆరిన కొమ్ములను డ్రమ్ములో వేసి పాలిష్ పట్టడం. ఆ డ్రమ్ము తిరుగుతుంటే పచ్చటి దుమ్ము లేస్తుంది. కల్లం దగ్గర ఎవరి కళ్లు చూసినా ఎర్రగా నీళ్లు కారుతూ ఉంటాయి. అది ఏటా ఉండేదే. అందుకే ఆయన కళ్లు నలుపుకుంటుంటే నేనే, "తువ్వాల కట్టుకో, కండ్లల్ల దుమ్ము పోతున్నది," అన్నాను. ఆయన కూడా "దుమ్మే," అన్నాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన తేదీని కూడా పాలిష్ అయ్యాక చూద్దామని వెనక్కి జరిపాడు. నేను రెండుసార్లు అరిచాను. కూలీలు మళ్లీ దొరకరన్నాడు, అదీ నిజమే.

పసుపు రైతు తన సరుకును తానే విరిచి చూస్తాడు. కొమ్మును పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి, ఇది మార్కెట్లో ఎంత పలుకుతుందో మనసులో అనుకుంటాడు. పైకి మెరిసేది కాదు, లోపలిదే అసలు రంగు. ఆ పనిలో మా ఆయనది గట్టి చూపని చుట్టుపక్కల పేరు. దొంకేశ్వర్ నుంచి కూడా తమ కొమ్ములు తెచ్చి ఆయన చేత చూపించుకుని పోయేవాళ్లు. నన్ను మాత్రం ఎన్నడూ చూడనివ్వలేదు. "నీకేం తెలుస్తది, పిల్లల కాపీలు దిద్దుకో," అనేవాడు.

ఆ ఆదివారం కల్లానికి టీ పట్టుకుని వెళ్లాను. ఆయన కుప్ప పక్కన నిలబడి ఒక కొమ్ము విరిచాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. తల పక్కకు వంచాడు. ఒక కన్ను మూశాడు. తర్వాత ఆ ముక్కను నా ముందుకు చాచి, మామూలుగా అడుగుతున్నట్టు, "రంగెట్లున్నదే?" అన్నాడు.

టీ గ్లాసు కింద పెట్టాను. ఈ మనిషి నన్ను రంగు అడగడమా?

"నీకు కనబడ్తలేదా?" అన్నాను.

"దుమ్ము..."

"దుమ్ము లేదు గిమ్ము లేదు. డ్రమ్ము నిన్ననే బందైంది. నా మొకం దిక్కు చూసి చెప్పు."

ఆయన చూశాడు. "నడుమల మసక మసకగున్నది. నీ ముక్కు వంకర పోయినట్టున్నది," అన్నాడు.

"మరి రోజూ గళ్లు సీదగున్నయంటివి?"

"వంకరున్నయంటే గోళీ ఆపుతరు."

కల్లంలో కూలీలు ఉన్నారు కాబట్టి సరిపోయింది, లేకుంటే ఏమనేదాన్నో. అక్కడి నుంచే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆ పూట గోళీ వేయొద్దని, మర్నాడే రమ్మని చెప్పింది. హైదరాబాదులో కంటి లోపల స్కాన్ తీశారు. రెండు కళ్లలోనూ పొర కింద నీరు చేరింది. కుడి కన్నులో ఎక్కువ.

ఆమె ముందు ఆయన చేతులు జోడించాడు. మా పెళ్లైన తర్వాత ఆయన ఎవరికైనా అట్లా చేతులు జోడించడం చూసింది లేదు.

"మేడం, కండ్లు పోతే పోనీయుండ్రి. గోళీ ఆపకుండ్రి."

"రెండూ కావాలె," అందామె. "ఇప్పుడు ఆపితే నీరు ఎండిపోయే చాన్స్ మస్తున్నది. ఆపకపోతే చూపు పోతది, అప్పుడు గోళీ మొత్తానికే బంద్. మీరు దాచిపెట్టిన రోజులే మనకు నష్టం." కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

గోళీ లేని ఆ రోజులు నేను ఎట్లా గడిపానో చెప్పలేను. ఆయన నడుము పట్టుకుంటే బస్తా ఎత్తినందుకా, క్యాన్సర్ మళ్లీ పెరుగుతున్నందుకా అని ఆలోచన. స్నానాల గది ముందు నిలబడి, "రంగేమున్నది?" అని మూత్రం సంగతి అడిగేదాన్ని. "మంచిగనే ఉన్నది," అనేవాడు. నమ్మాలనిపించేది కాదు. తలుపు తీయించి నేనే చూసేదాన్ని. సిగ్గు మా ఇద్దరికీ పోయింది. కంటి డాక్టరు ఇచ్చిన చుక్కలు రోజూ నేనే వేసేదాన్ని. బడిలో పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని.

కళ్లలో నీరు ఎండింది. కుడి కన్నులో చూపు మునుపటంత రాలేదు కానీ చాలావరకు వచ్చింది. డాక్టరమ్మ డోసు తగ్గించి మళ్లీ మొదలుపెట్టమంది. తగ్గించిన డోసు సరిపోతుందా అని అడిగాను. చాలామందికి సరిపోతుంది, మీకు స్కాన్‌లో తెలుస్తుంది అంది.

మర్నాడు పొద్దున గోళీ ఆయన అరచేతిలో పెట్టాను. ఇన్నాళ్లూ దాని కోసమే తపించిన మనిషి, దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"ఏందయ్యా, మింగు," అన్నాను.

"జర ఆగు," అన్నాడు. "ఏస్కుంటే కండ్లు పోతయేమోనని భయమైతున్నది. ఏస్కోకుంటే పానం పోతదని భయమైతున్నది. నాకు మస్తు భయమైతున్నదే."

ఎన్నేళ్లుగానో "ఏం లేదు" అన్న నోట్లోంచి ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. ఆయన పక్కన కూర్చున్నాను.

"నాకు సుత భయమే," అన్నాను.

ఆయన తల ఊపాడు. గోళీ నోట్లో వేసుకుని నీళ్ల కోసం చెయ్యి చాచాడు.