మా నాయన కోసిన పచ్చికాయలు

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మిరపతోటకు వెళ్లి, కన్నకొడుకును కూలీలందరి ముందు నానా మాటలూ అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను పాఠం చెప్పే బడిలో ఏ పిల్లనడిగినా చెబుతుంది.

మా అత్తగారి ఊరు చండ్రుగొండ పక్కన పల్లె. రెండెకరాల మిరప వేశాం. ఆ వారం కోతకు మనుషులు దొరక్క, సెలవులకు వచ్చిన మా డిగ్రీ పిల్లాణ్ని కూడా చేలోకి దింపాం. పండినకాయ కోయాలి, పచ్చికాయను చెట్టుకే వదిలేయాలి. పచ్చిది కలిస్తే ఎండాక తెల్లబడి తాలుకాయ అవుతుంది, కొనేవాడు రాశి మొత్తాన్ని చూసి మూతి తిప్పుతాడు. మావాడి బస్తా కల్లంలో కుమ్మరిస్తే సగానికి సగం పచ్చివే!

"కళ్లు నెత్తికెక్కినయారా? ఫోన్ చూసుకుంట కోసినవా?"

"ఎర్రగున్నయే కోసిన అమ్మా."

"మళ్ల అబద్ధమొకటి!"

రాశి పక్కన కూర్చుని తాలు ఏరుతున్న మా అత్తమ్మకు ఇలాంటి సందర్భం పండగే. "గట్లనే ఉంటది మరి. మా దిక్కు ఎవ్వరు గిట్ల లేరు. అచ్చం తాత పోలిక," అంది.

ఆ తాత మా నాయన. కూసుమంచి దగ్గర మా పుట్టింట్లో ఆయనకు మిగిలిన పేరు పనిదొంగ. ఆ కథ మా పెళ్లిలోనే ఎవరో పుణ్యాత్ములు అత్తమ్మ చెవిన వేశారు.

నాకు పదేళ్లప్పటి సంగతి. నాయన తాపీ పని చేసేవాడు. ఆ ఏడు కట్టుబళ్లు లేక ఒక ఆసామి తోటలో మిరపకాయ కోయడానికి వెళ్లాడు. క్రిస్మస్‌కు కుట్టించిన ఎర్రగౌను వేసుకుని నేనూ వెంట వెళ్లాను. సాయంత్రం ఆసామి నాయన బస్తాను అందరి ముందు గుమ్మరించాడు. పచ్చికాయలు కుప్పగా పడ్డాయి. "కావాలని చేసినవా? రేపటి సంది రాకు," అన్నాడు. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నాయన తల వంచుకుని ఖాళీ బస్తా మడతపెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చే దారిలో, మొక్కజొన్న చేల గట్టు మీద, నేను కావాలనే ఆయనకు దూరంగా ముందు నడిచాను. వెనకనుంచి "బిడ్డా, యాడున్నవే?" అని పిలుస్తూనే ఉన్నాడు. కళ్ల ముందే నడుస్తుంటే యాడున్నవేంది అని నాకు ఇంకా ఒళ్లు మండింది. పలకలేదు. ఇల్లు చేరేదాకా పలకలేదు.

అందుకే అత్తమ్మ ఆ మాట అనగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచాను. అప్పుడే మావాడు రాశిలోంచి ఒక కాయ తీసి నా ముందు పెట్టాడు.

"నువ్వే చూడు. ఇది పండలేదా?"

చిలకపచ్చగా ఉంది ఆ కాయ. వాడి ముఖంలో అబద్ధం లేదు. ఏడుపు ఆపుకుంటున్నాడు.

అరె! అరెరె!

గబగబా ఫోన్ తీశాను. రంగు చుక్కల మధ్య అంకె దాగి ఉండే బొమ్మలుంటాయి, కంటి దవాఖానాలో చూపిస్తారు. ఒకటి వెతికి పట్టుకున్నాను. నాకు శుభ్రంగా డెబ్బై నాలుగు కనిపిస్తోంది. "ఏం అంకెరా?" అంటే, "ఇరవై ఒకటి," అన్నాడు.

"దొరికిందిరో!" అని కేక పెట్టాను. కూలీలు కోత ఆపి చూశారు. "అత్తమ్మా, నువ్వన్నది నిజం! నూటికి నూరుపాళ్లు నిజం! అచ్చం తాత పోలికే!" అని ఆమెను వాటేసుకున్నాను.

"ఓ యమ్మ! మిర్చి ఘాటు తలకెక్కింది దీనికి," అని ఆమె నన్ను తోసేసింది.

నవ్వుకుంటే నవ్వుకోనీ. పదిహేనేళ్లుగా జీవశాస్త్రం పాఠం చెబుతున్నాను నేను! గుండ్రటి బఠాణీ, ముడతల బఠాణీ, బహిర్గతం, అంతర్గతం అని బోర్డు నిండా గళ్లు గీస్తాను. ఆ లెక్కతోనే సరిపెడితే మా ఇంటి సంగతి ఏనాటికీ తేలదు. ఎరుపుకూ పచ్చకూ తేడా తెలియని ఈ వర్ణాంధతది ఎక్స్ క్రోమోజోమ్ మీద నడిచే దారి. మగవాడికి ఎక్స్ ఒక్కటే. దాని మీద ఎరుపు, పచ్చ చూపించే జన్యువు పాడైతే ఇక దిక్కులేదు. ఆడదానికి రెండు ఉంటాయి, ఒకటి చెడ్డా మామూలుగా రెండోది కాపు కాస్తుంది. తండ్రి తన ఎక్స్‌ను కొడుక్కి ఇవ్వడు, కూతురికి ఇవ్వక తప్పదు. అందుకే మా అన్నకు ఏమీ లేదు. నాయన నుంచి నాకొచ్చింది, నా దగ్గర చడీ చప్పుడూ లేకుండా కూర్చుంది, నా నుంచి మావాడికి పోయింది. తాతకూ మనవడికీ మధ్య దారి నేనే! ఏటా ఈ పాఠం చెప్పి, పరీక్షలో ప్రశ్న ఇచ్చి, మార్కులు వేసిన దాన్ని, ఇంట్లో ఉన్నది చూడలేకపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు బడికి సెలవు పెట్టి మావాణ్ని తీసుకుని పుట్టింటికి బస్సెక్కాను. "తప్పయిందిరా," అన్నాను కిటికీలోకి చూస్తూ. "మల్లొకసారి చెప్పు, ఇనపడలే," అన్నాడు దొంగవెధవ. చెప్పాను. ఖమ్మంలో బస్సు మారేదాకా నా కాళ్లు ఒక్కచోట నిలవలేదు.

నాయన మా అన్న ఇంటి అరుగు మీద కూర్చుని కత్తిపీటకు ఊడిన కత్తి బిగిస్తున్నాడు. మంచినీళ్లయినా తాగకుండా ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టాను.

"ఏం అంకె నాయనా?"

"ఏందే ఇది, వచ్చుడు వచ్చుడే?" అని కళ్లు చికిలించి చూశాడు. "ఇరవై ఒకటి."

"నాగ్గూడ గంతే తాతా!" అని మావాడు ఎగిరి గంతేశాడు.

ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఆగి ఆగి, బడిలో చెప్పినట్టే మొత్తం చెప్పాను. అంతా విన్నాక నాయన కత్తిపీట పక్కన పెట్టాడు.

"అంటే, నేను కావాలని చెయ్యలేదని నీకిప్పుడు తెలిసింది."

"అవ్ నాయనా. మరి గా రోజే ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? అందరికి గట్లనే కనపడతదనుకున్న. మీరంతా గంత జల్దీ ఎట్ల ఏరుతరో నాకు సమజయ్యేది కాదు." మళ్లీ ఆయనే అడిగాడు, "గా రోజు నీ మీదున్న గౌను ఏ రంగే?"

"ఎరుపు."

"గదీ సంగతి. పచ్చటి చేన్ల నువ్వు జర ముందుకు పోంగనే కలిసిపోయినవ్. యాడన్న బాయిల పడ్డవేమోనని పానం పోయింది నాకు. ఇల్లొచ్చేదాంక పిలుస్తనే ఉన్న." మనవడి తల నిమురుతూ అన్నాడు, "బాగ దూరం పోయినవ్ గదా. నీకు ఇనపడక పోయుంటది."

మావాడు నా వైపే చూస్తున్నాడు.

"ఇనపడ్డది నాయనా," అన్నాను.