పిన్ని తెచ్చిన మాత్రలు

తొమ్మిదేళ్ళ వయసులో గుంటూరు నుంచి ఇంగ్లండులోని స్విండన్‌కు వచ్చిన జెమీమాకు కార్డిఫ్‌లో మెడిసిన్ సీటు దొరికింది. వృద్ధులుండే నర్సింగ్ హోమ్‌లో నర్సుగా పనిచేసే తల్లి సలోమికి కాళ్ళు నేలమీద నిలవలేదు. చర్చిలో ఆంటీలందరూ ఆ పిల్లను అప్పటినుంచే డాక్టరమ్మ అని పిలవసాగారు.

నాలుగో ఏడాది, 2013 చలికాలంలో, జెమీమాకు పొద్దున్నే మంచం దిగడం కష్టమైంది. బద్ధకమనుకుంది. తర్వాత తిండి సహించలేదు, చదివిన పేజీనే మళ్ళీ మళ్ళీ చదివినా బుర్రకెక్కలేదు. ఫ్లాట్‌లో తోటివాళ్ళు వంట ముగించి వెళ్ళేదాకా గది తలుపు తీసేది కాదు.

ఫిబ్రవరిలో ఆమెకు సైకియాట్రీ వార్డులో పోస్టింగ్ పడింది. రిటైరైన ఒక బస్సు డ్రైవరును కూర్చోబెట్టి, డిప్రెషన్ ఎంతుందో తేల్చే ప్రశ్నలు అడగమన్నారు. నిద్ర పడుతోందా? దేనిమీదైనా ఆసక్తి ఉందా? ఎందుకూ పనికిరానని అనిపిస్తోందా? ఆయన నిదానంగా జవాబులు చెబుతుంటే కాగితం మీద ఆయన మార్కులు వేస్తూ, మనసులో తన మార్కులూ వేసుకుంది. ఆమెకే నాలుగు ఎక్కువ వచ్చాయి.

అయినా తన ఫ్యామిలీ డాక్టరు, అంటే జీపీ దగ్గరికి వెళ్ళలేదు. రికార్డులోకి ఎక్కితే కాలేజీకి తెలుస్తుందని, డాక్టరుగా పనికిరావని పంపేస్తారని భయం. ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. ఎవరినైనా అడిగే ధైర్యం లేక తనే అలా తేల్చేసుకుంది.

మార్చిలో సలోమి చెల్లెలు రత్నకుమారి గుంటూరు నుంచి వస్తుంటే, ఫ్రెండుకి కావాలని చెప్పి డిప్రెషన్ మాత్రలు తెప్పించుకుంది. ఎవరికీ చెప్పకుండా వేసుకోవడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి చేతులు వణకసాగాయి, ఉన్న కాస్త నిద్రా పోయింది.

ఈస్టరుకు ఇంటికొచ్చినప్పుడు, టీ తాగుతూ పిన్ని మామూలుగా అడిగింది. "నీ ఫ్రెండుకి ఆ మాత్రలు సరిపోయాయా అమ్మా?"

ఏం మాత్రలని సలోమి అడిగితే పేరు చెప్పింది. సలోమి కప్పు కింద పెట్టింది. నర్సింగ్ హోమ్‌లో రోజూ ఏడుగురికి తన చేతులతో ఇచ్చే మాత్ర అది. చెల్లెలు స్నానానికి వెళ్ళేదాకా ఆగింది.

"నీకేనా?"

జెమీమా తల ఊపింది.

"ఎన్నాళ్ళనించే?"

"క్రిస్మస్ ముందునించి, మమ్మీ."

"క్రిస్మస్‌కి క్వయర్లో పాడావు కదే."

"పాడాను. ఏం పాడానో గుర్తులేదు."

సలోమి కుర్చీ కూతురి పక్కకు జరుపుకుంది. "నేను చార్ట్ చూడకుండా ఒక్క మాత్ర కూడా ఎవరికీ ఇవ్వను. నిన్నెవరు చూస్తున్నారు?"

"ఎవరూ లేరు. కాలేజీకి తెలిస్తే పంపించేస్తారు."

"పంపిస్తే ఇంటికే కదా వస్తావు. ముందు జీపీ క్లినిక్కి ఫోన్ చెయ్."

డ్యూటీ షిఫ్టు మార్చుకుని సలోమి కూతురితో కార్డిఫ్ వెళ్ళింది. తను బయట కూర్చుంది. లోపల, చచ్చిపోవాలనిపించిందా అని జీపీ నెమ్మదిగా అడిగింది. అంతవరకు ఎవరికీ చెప్పని ఆ జవాబు జెమీమా అప్పుడు చెప్పింది. "ఈ నెలలో నా దగ్గరికొచ్చిన మెడికల్ స్టూడెంట్లలో నువ్వు మూడోదానివి" అంది జీపీ.

జీపీ చెప్పినమీదట జెమీమాయే కాలేజీకి అంతా చెప్పింది. కాలేజీ ఆమెను పంపేయలేదు. సెప్టెంబరు దాకా సెలవిచ్చి, ఆ ఏడాది మళ్ళీ చదవమంది. దొంగచాటుగా మందులు మింగడం మాత్రం వాళ్ళకు నచ్చలేదు. ఇంకెప్పుడూ అలా చేయనని రాయించుకున్నారు. జీపీ రాసిన మొదటి మందు పడక మార్చాల్సి వచ్చింది. కౌన్సెలింగ్‌లో తొలి మూడు వారాలు ఆమె ఏడవడమే సరిపోయింది.

ఆ వేసవిలో చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. కూతుర్ని అడిగి, ఆమె సరేనన్నాకే, సలోమి ఆంటీల మధ్య నిలబడి చెప్పింది. "మా అమ్మాయికి డిప్రెషన్. మందులు వాడుతోంది. ప్రార్థన చేయండి, సలహాలు మాత్రం వద్దు." ఆ వారంలోనే ఇద్దరు ఆంటీలు, ఒకరికి తెలియకుండా ఒకరు, తమ జీపీతో ఏం చెప్పాలో కనుక్కోవడానికి సలోమికి ఫోన్ చేశారు.

తోటివాళ్ళకంటే ఏడాది ఆలస్యంగా, 2016లో జెమీమా డాక్టరై షెఫీల్డ్‌లో ఉద్యోగంలో చేరింది. రెండేళ్ళకు మళ్ళీ తిండి సహించని రోజులు వచ్చాయి. మొదటి వారంలోనే జీపీ క్లినిక్కి ఫోన్ చేసి, ఆ తర్వాత తల్లికి చేసింది. ఈసారి మూడు వారాల సెలవుతో కుదుటపడింది.