గడప దాటిన బ్యాగు

చిన్నప్పుడు కాలికి వచ్చిన జబ్బు వల్ల నాయన నన్ను బడికి పంపలేదు. అక్షరాలు అక్క నేర్పింది. సాయంత్రం బడి నుంచి వచ్చి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పుస్తకం, పంచాంగం, నా ముందు పెట్టేది. వర్జ్యం, రాహుకాలం అని కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. నేర్పిన అక్క అందులో ఒక్క మాటా నమ్మలేదు. నేను అన్నీ నమ్మాను.

ఈ చలికాలం మా అమ్మాయికి సెలవులిస్తే కళ్యాణదుర్గంలో అక్క దగ్గరికి వెళ్లాం. బావ పోయినప్పటి నుంచి ఆమె ఒక్కతే. వెళ్లాక తెలిసింది, రొమ్ములో గడ్డ ఉందని, అనంతపురం ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారని. రిపోర్టు మంగళవారం వస్తుంది. మేం ఆదివారమే బయలుదేరాలి. కొత్తచెరువులో మంచాన ఉన్న మా అత్తను ఈ పది రోజులూ చూసుకున్న ఆడబిడ్డ ఆ రాత్రికి తన ఊరు పోతుంది. అత్తను ఎత్తి కూర్చోబెట్టడానికి ఆడమనిషి ఉండాలి. రెండు రోజులు ఆగమని అక్క అనలేదు. ఆగుతానని నేను అనలేకపోయాను.

ఆదివారం బస్సు వేళకు వర్జ్యం ఉంది. అందుకని తెల్లవారి ఆరింటికే, మంచి ఘడియలో, బ్యాగు తీసుకెళ్లి ఎదురింటి అవ్వ దగ్గర పెట్టి వచ్చాను. అలా బ్యాగు ముందు గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే. తర్వాత మనం ఎప్పుడు కదిలినా దోషం లేదు. బ్యాగు మాత్రం తిరిగి ఇంట్లోకి రాకూడదు. వస్తే ఆ రోజుకు ప్రయాణం మానుకోవాలి.

"నీ బ్యాగు ఊరు చేరింటాది లే. నువ్వు కూర్చొని దోసె తిను," అంది అక్క.

పదకొండింటికి బ్యాగు కోసం వెళితే అవ్వ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తోంది.

"ఇంగ యాడ బ్యాగమ్మా? మీ అక్క అప్పుడే ఎత్తకపోయె. మా చెల్లెలు ఈ పొద్దు పోకుండా నిలబడిపోయింది అవ్వా, అనె. నవ్వుకుంటా వచ్చె పాపం."

బ్యాగు వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక ఉంది. అక్క గిన్నెలు తోముతూ వెనక్కి తిరగలేదు.

"అక్కా, బ్యాగు..."

"ఇంట్లోకి వచ్చేసింది గదా. ఇంగ యాడికి పోతావు? పోగూడదని నువ్వే గదా చెప్తావు."

"అంటే మనం పోమా? రేపు నాకు పరీక్ష ఉండాది," అంది అమ్మాయి.

అక్క తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. ఇన్నేళ్లూ నన్ను ఎగతాళి చేసిన మనిషి. ఆగమని నోటితో అడగలేక, తాను నమ్మని పుస్తకాన్ని పట్టుకుంది.

నేను బ్యాగు ఎత్తుకున్నాను.

"వర్జ్యం," అంది అక్క.

"పోవాల అక్కా. రాత్రికి మా అత్తను పక్కకు తిప్పేదానికి మనిషి లేదు."

అక్క గిన్నె పక్కన పెట్టింది. చేతులు తుడుచుకొని వచ్చి బ్యాగు తన చేతిలోకి తీసుకుంది. "నీ కాలికి ఇంత బరువు యాడ మోస్తావు, ఇట్లియ్యి."

ధర్మవరం బస్సు నిండుగా వచ్చింది. ఇంకా ఆగకముందే అక్క పరిగెత్తి, తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి, కిటికీలోంచి సీటు మీదికి విసిరింది. ఆ సీట్లోనే మేమిద్దరం కూర్చున్నాం. తువ్వాలు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "పాపకు చలి. కప్పు."

"ఆసుపత్రికి అవ్వను తోడు తీసుకొని పో. రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి," అన్నాను.

"మంచిదైతే చేస్తాలే."

"కాకపోతే?"

బస్సు కదిలింది. అక్క చెయ్యెత్తింది.

నాకొక అలవాటు ఉంది. ప్రయాణంలో ఆ రోజు దొరికినవన్నీ తలచుకొని దేవుడికి దండం పెట్టుకుంటాను. పది రోజులు అక్క చేతి అన్నం. కిటికీ పక్క సీటు. అక్కడితో ఆగిపోయాను. ధర్మవరం దాకా తువ్వాలు అంచు మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాను.

ఇది సోమవారం సాయంత్రం రాస్తున్నాను. అత్తకు స్నానం చేయించాను. అమ్మాయి పరీక్ష బాగా రాసిందట. ఆడబిడ్డ నిన్న వెళ్తూ వెళ్తూ రాత్రికి కూర కూడా చేసి పెట్టింది, ఆమె చల్లగా ఉండాలి. వీటన్నిటికీ దండం పెట్టుకున్నాను. రేపటి కోసం ఏం అడగాలో మాత్రం తెలియలేదు. రిపోర్టు ఎప్పుడో రాసేసే ఉంటారు. ఫోనుకు ఛార్జింగు పెట్టి, తీసి, దేవుడి గూట్లో దీపం పక్కన ఉంచాను.

అది మోగాలని మాత్రం అడిగాను.