మైకు లేని ఉయ్యాల

అంత చెత్త వీడియో క్యాసెట్టు నేను మళ్లీ చూడలేదు. ఒక గొప్ప గాయని పాత రోజుల్లో టెలివిజన్‌లో పాడిన పాటలన్నీ ఏరి, డబ్బా మీద బంగారు అక్షరాలు అచ్చేసి, పట్నంలో ఏదో కంపెనీ అమ్మకానికి పెట్టింది. తొంభైల మొదట్లో అది మా కల్వకుర్తికి వచ్చింది. పాటకూ పాటకూ మధ్య ఒకాయన నోటితో కుక్క అరుపులు, రైలు కూతలు వినిపిస్తాడు. ఇంకొకాయన టోపీలోంచి పావురాన్ని తీస్తాడు. ఆ పావురానికి కూడా విసుగొచ్చినట్టే ఉంటుంది. వీటన్నిటి నడుమ ఆ మహాగాయనిని అట్టముక్క చందమామ కింద, కాగితం పూలు చుట్టిన ఉయ్యాలలో కూర్చోబెట్టారు. జాతరలో ఫోటో దిగేవాళ్లకు కూడా ఇంతకన్నా మంచి చందమామ దొరుకుతుంది.

ఆ క్యాసెట్టు తెప్పించింది మా సేటు. పెళ్లిళ్లకు మైకు సెట్టు, బ్యాండు మేళం, టీవీ, వీసీఆర్ అన్నీ కిరాయికి ఇచ్చేవాడు. తెప్పించిన కారణం పాటలు కాదు. ఆయన బ్యాండులో క్లారినెట్ వాయించే ముసలాయన, మేమంతా ఉస్తాద్ అని పిలిచే మనిషి, ఒకప్పుడు పట్నంలో టీవీవాళ్ల దగ్గర ఆ గాయని వెనక కూర్చుని వాయించానని ఏళ్ల తరబడి చెబుతున్నాడు. ఆ మాట మీదే ఆయన మేళానికి మాస్టరయ్యాడు. జరీ పట్టీల ఎర్రకోటు వేసుకుని ముందు నడిచేది ఆయనే. ఇప్పుడు డ్రమ్ము కొట్టేవాడి కన్ను ఆ కోటు మీద పడింది.

"చాచాకు దమ్ము అందుతలేదు సేటూ. దినాం గదే ముచ్చట. నిజమో అబద్ధమో ఎవరు చూసిండ్రు?" అన్నాడు.

"క్యాసెట్టుల కనవడితె కోటు నీదే ఉస్తాద్, బతికినన్ని దినాలు. లేకుంటె వానికిస్త," అని సేటు తేల్చేశాడు.

ఆదివారం పొద్దున దుకాణంలో బ్యాండువాళ్లంతా చేరారు. సేటు తల్లి కుర్చీలో కూర్చుంది. నన్నూ పిలిచారు, ఎందుకంటే నేను చదువుకున్నవాణ్ని. చదువంటే ఏడో తరగతి. ఆ తర్వాత మగ్గం. మగ్గం దిగాక శాఖా గ్రంథాలయం. అక్కడ సంగీతం మీద ఉన్న ఒకే ఒక లావు పుస్తకాన్ని రెండుసార్లు చదివాను. వాయిద్యం ఒక్కటీ ముట్టుకోలేదు గానీ, వాయించేవాళ్లకు తప్పులు చెప్పేవాణ్ని. వాళ్లు నమ్మేవాళ్లు. మా ఊళ్లో అచ్చులో చదివానంటే ఎదురు మాట ఉండేది కాదు.

బొమ్మ నలుపు తెలుపులో వచ్చింది. "రంగులు రాలేదేంది? వైరు సక్కగ పెట్టు," అని అందరూ టీవీ మీద పడ్డారు. ఆ కాలంలో తీసినవి అంతేనని నేను ఉపన్యాసం ఇచ్చి కూర్చోబెట్టాను.

మూడో పాటకు ఉస్తాద్ కనిపించాడు. మీసం నల్లగా ఉంది, మనిషి సన్నగా ఉన్నాడు, కానీ ఆయనే. ఉయ్యాల వెనక నలుగురిలో చివరివాడు.

"అరే, చాచానే!" అని ఒకడు తొడ చరిచాడు. సేటు తల్లి ఉస్తాద్‌ను చూడనైనా లేదు. పాట వింటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

అప్పుడే నాకు దొరికింది. క్లారినెట్ పై స్వరంలో మోగుతూనే ఉంది. తెర మీద ఉస్తాద్ దాన్ని నోట్లోంచి తీసి, గాయని వైపు చూసి నవ్వుతున్నాడు.

"సేటూ, ఆపు. జర ఎనకకు తిప్పు," అన్నాను.

మూడుసార్లు తిప్పించాను. మూడుసార్లూ ఆయన నవ్వాడు, మూడుసార్లూ అది మోగింది. "సప్పుడు ఇంకెవనిదో. ఈయనను ఉత్తగ కూసోపెట్టిండ్రు. పాడే అమ్మ పెదవులు సూడుండ్రి, ఒక్క మాట తప్పిందా? గది పాడుడంటె," అని తీర్పు చెప్పాను.

డ్రమ్మువాడు పగలబడి నవ్వాడు. "అట్టల చందమామ, అట్టల చాచా! లైబ్రరీ సారు పట్టిండ్రా!"

"ఏమంటవ్ ఉస్తాద్?" అని సేటు అడిగాడు.

ఉస్తాద్ టీవీ వైపు చూశాడు, సేటు తల్లి వైపు చూశాడు. "ఏమనను సేటూ," అని లేచాడు. మరునాడు కోటు ఉతికి, మడత పెట్టి తెచ్చిచ్చాడు.

నాలుగైదు నెలల తర్వాత గ్రంథాలయంలో పాత వారపత్రికలు తిరగేస్తుంటే, టీవీ కార్యక్రమాలు తీసిన ఒకాయన వ్యాసం కనిపించింది. పాట ముందే రికార్డు చేసేవారట. తర్వాత దాన్ని మోగిస్తుంటే గాయకులు పెదవులు కదిపేవారు, వాద్యగాళ్లు వేళ్లు కదిపేవారు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఉయ్యాల దగ్గర మైకు లేదు! పెళ్లి ఊరేగింపులో పాడేవాడికి కూడా మైకు పట్టుకుని నడిచే మనుషులం, పదిమందిమి కూర్చుని చూశాం. ఆమె గొంతు ఎందులోంచి వస్తోందని ఒక్కరం అడగలేదు. అందరిలోకీ ఎక్కువ తెలిసిన నేనూ అడగలేదు.

బస్టాండు పక్కన ఉస్తాద్ కిరసనాయిలు స్టవ్వులు బాగుచేస్తున్నాడు. వెళ్లి చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"పాట ముందు దినం వాయించిన. తెల్లారి ఉత్తగ పెదాలకు పెట్టుకొమ్మన్నరు. అమ్మ ఎట్ల పాడినట్టే చేస్తాందో అని మురిసి, సూసుకుంట తీసేసిన. నాదే తప్పు."

"మరి గా దినం ఎందుకు చెప్పలే?"

"నేను ఉత్తగ పట్టుకున్న అంటె, అమ్మ ఉత్తగ నోరాడిచ్చింది అన్నట్టే గద. సేటు తల్లి ఏడుస్తాంది. ఆమె ముందట గా మాట ఎట్లంట?"

"నేను పోయి సేటుకు చెప్త. నీ కోటు నీకొస్తది."

అప్పుడు తల ఎత్తాడు. "చెప్పు బేటా. గాని అమ్మ పాడలేదని చెప్పకుండ చెప్పు. సదువుకున్నోనివి గద, గసొంటి ఉపాయం ఉన్నదా?"

స్టవ్వుకు గాలి కొట్టడం మొదలుపెట్టాడు. నేను దుకాణం దాకా నడిచాను. లోపల అదే క్యాసెట్టు ఆడుతోంది, అదే మూడో పాట. సేటు తల్లి కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది.

"రా సారూ, ఏం గావాలె?" అన్నాడు సేటు.

"ఏం లేదు," అన్నాను.

ఉయ్యాల ఊగుతోంది. వెనక నలుగురిలో చివరివాడు క్లారినెట్ నోట్లోంచి తీసి నవ్వాడు.