నాలుగు డిగ్రీల వెచ్చదనం

తిరుపతిలో ఆరేళ్లుగా ఉంటున్నాను. ఇప్పటికీ బస్టాండు ముందు రెండు నిమిషాలు నిలబడితే చాలు, ఆటోవాళ్లు "కొండకా సార్?" అంటారు. కాదంటే జాలిగా చూస్తారు. ఈ ఊళ్లో ఎక్కడికీ పోనివాడు కూడా ఒకడు ఉంటాడని వాళ్లకు తోచదు.

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. పీహెచ్‌డీకి మా గైడు సంతకం పెడతారన్న నమ్మకాన్ని నిలుపుకోవడానికే ఉన్న ఓపికంతా సరిపోయింది.

నా పరిశోధన వేడినీటి ఊటల మీద. గోదావరి పక్క అడవిలో ఒక ఊట ఉంది. రాలిన ఆకుల సారం టీ డికాక్షన్‌లా అందులో కరుగుతుంది. నీళ్లు కాలువగా సాగేకొద్దీ ఆ సారం విరిగిపోయి, వేడిలో బతికే సూక్ష్మజీవులు వదిలిన పదార్థం పెరుగుతుంది. నీటిలోకి ఒక రకం కాంతి పంపితే ఏది ఎంతుందో తెలుస్తుంది.

ఊట నోటి నుంచి కాలువ చివరి దాకా ఐదు సీసాలు పట్టాను. సూక్ష్మజీవి మిగలకుండా వడగట్టి, ఐసుపెట్టెలో తెచ్చి, ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టాను. చలిలో, చీకట్లో అవి మారకూడదు.

నాలుగు మారలేదు. ఊట నోటి దగ్గర పట్టిన ఒకటో సీసా మారింది.

ముందుగా, పట్టుకుంటే వెచ్చగా ఉండేది. థర్మామీటరు పెడితే మాత్రం ఫ్రిజ్‌లో ఉండాల్సిన నాలుగు డిగ్రీలే. థర్మామీటరు మార్చాను. తర్వాత చెయ్యి మార్చాను. ల్యాబు ఊడ్చే మునెమ్మ కూడా పట్టుకుని, "పసిబిడ్డ నుదురు మాదిరి ఉండాది సామీ" అంది.

నెల తిరిగేసరికి దాని కాంతి రీడింగు రెండో సీసాతో కలిసింది. తర్వాత మూడోదానితో. ఫ్రిజ్‌లో కదలకుండా కూర్చుని కూడా అది కాలువ వెంట నడుస్తున్నట్టుంది. మధ్యాహ్నాలు దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆకుల కింద నీళ్లు పోతున్న చప్పుడు వినిపించేది. ఫ్రిజ్ మోటారే అయ్యుంటుంది. కరెంటు పోయినప్పుడు కూడా అదే అయ్యుంటుంది.

రీడింగుల పట్టిక గైడుకు చూపించాను. "ఆ ఒకటో సీసా వరస కొట్టేసి తీసుకురాప్పా, సోమవారం సంతకం పెడతా" అన్నారు.

ఆ సోమవారం ఉదయం ఒకటో సీసా ఐదోదానితో అచ్చంగా కలిసింది. చేతికి చల్లగా తగిలింది. ఏం జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. తప్పు నాదే అయితే, అది ఏ తప్పో కూడా తెలియదు. వరస కొట్టేయని కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, సంతకం లేకుండా.

ఆ పొద్దున మునెమ్మకు సీసా ఇచ్చాను. పట్టుకుని చూసి, తిరిగి నా చేతిలో పెట్టి, చీపురందుకుంది.

"అది పోయి చేరింది సామీ. నువ్వే ఆరేండ్లుగా ఈడనే ఉండావు."